మన పేరుకి 1/70 లేదు

పోస్టు కొంచెం పెద్దది. సగం చదివి తిట్టకండి, మొత్తం చదివి తిట్టండి.

పది రోజుల నుంచి గ్రూపులో ఒకటే సందడి. మా రూమ్మేటు యోయో సంగతి. "కంగ్రాట్స్ తమ్ముడూ", "సవరోడి దెబ్బ అంటే ఇదీ", "మన పేరు దేశమంతా మోగుద్ది" అని మెసేజ్‌ల మీద మెసేజ్‌లు. నేనూ పెట్టాను ఒకటి. అయితే మొన్న రాత్రి వాడు కంపెనీ పంపిన కాగితం నా చేతికిచ్చాడు. తొమ్మిది పేజీల ఇంగ్లీషు. రాత్రి రెండింటి దాకా కూర్చుని, తెలియని మాటలు ఫోన్లో వెతుక్కుంటూ ఇద్దరం చదివాం. చదివాక నాకు ఆ సంతోషం నిలవలేదు. వాడిని అడిగే ఈ పోస్టు రాస్తున్నాను.

నేను చెప్పేది ఇది. యోయో రావాలి. దాని మీద వాడి పేరుండాలి. వాడికి డబ్బు రావాలి. కానీ ఆ కాగితం మీద ఉన్నది ఉన్నట్టుగా సంతకం పెట్టకూడదు. అందులో వాడి పేరుతో పాటు ఒక జాతి పేరు కూడా అమ్మేస్తున్నారు. వాడి పేరు వాడిష్టం. జాతి పేరు వాడొక్కడిది కాదు.

ముందు, యోయోకి ఇంత గొడవ ఏటి అనుకునేవాళ్ల కోసం నాలుగు మాటలు.

జాతరలో లైట్లు వెలిగే ప్లాస్టిక్ యోయోలు అమ్ముతారు కదా, మనలో చాలామందికి యోయో అంటే అదే. హాస్టల్‌కి వచ్చేదాకా నాకూ అంతే. పోటీల్లో ఎక్కువగా ఆడే యోయో వేరు. దాన్ని కిందకి విసిరితే దానంతటది పైకి రాదు. దారం చివర తిరుగుతూనే ఉంటుంది. అది తిరుగుతున్నంతసేపూ దారంతో రకరకాల విన్యాసాలు చేస్తారు. చివర్లో దారాన్ని మడిచి మధ్యలోకి ఇరికిస్తే అప్పుడు చేతిలోకి వస్తుంది. దీనికి ప్రపంచ పోటీలున్నాయి, ఐదు విభాగాలున్నాయి.

చూడ్డానికి అందులో ఏమీ లేదు. రెండు సగాలు, మధ్యలో ఇరుసు, ఇరుసు మీద చిన్న బేరింగ్. ఎక్కువ యోయోల్లో ఆ బేరింగ్ బయటి కొలత 12.7 మిల్లీమీటర్లు, లోపలి కన్నం 6.35. మొత్తం బరువు ఇంచుమించు 60 నుంచి 70 గ్రాములు. ఆ బరువుని ఎక్కడ పెట్టాలన్నదే అసలు పని. అంచులకి తోస్తే ఎక్కువసేపు తిరుగుతుంది, నిలకడగా ఉంటుంది, కానీ దిశ మార్చబోతే మొండికేస్తుంది. మధ్యకి తెస్తే చెప్పినట్టు వింటుంది, కానీ తొందరగా అలిసిపోతుంది. వెడల్పు పెంచితే దారం మీద పట్టుకోవడం సులువు, మరీ పెంచితే చేతికి అడ్డం. లేత్ మీద వెంట్రుకవాసి తేడా వచ్చినా తిరిగేటప్పుడు వణుకుతుంది.

సిగ్నేచర్ యోయో అంటే ఒక ఆటగాడి ఆటతీరుకి తగ్గట్టు, అతని సలహాతో చేసి, అతని పేరు మీద విడుదల చేసేది. 2014లో ప్రాగ్ నగరంలో జరిగిన ప్రపంచ పోటీలో అమెరికా కుర్రాడు జెంట్రీ స్టైన్ గెలిచాడు. అతని సిగ్నేచర్ యోయో పేరు షట్టర్, చేసింది యోయోఫ్యాక్టరీ అనే కంపెనీ. కొత్తగా నేర్చుకునే పిల్లలు కూడా అదే కావాలని కొనుక్కున్నారు. ఎందుకు? ఛాంపియన్ చేతిలో ఉన్నది తమ చేతిలోనూ ఉండాలని. అంటే అక్కడ అమ్ముడుపోయేది అల్యూమినియం ఒక్కటే కాదు, పేరు కూడా. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

మావాడు రెండేళ్లు తిప్పలు పడ్డాడు. మొదటిది అంకుడు కర్రతో చేశాడు, ఏటికొప్పాక బొమ్మలు చేసే కర్రే. కాలేజీ వర్క్‌షాప్ సారు సాయంత్రాలు లేత్ వాడుకోనిచ్చారు. తర్వాత విశాఖ ఆటోనగర్‌లో ఒక లేత్ షాపాయన్ని బతిమాలి అల్యూమినియంలో తీయించాడు. మొదటిది 74 గ్రాములు తూగింది, ఇటుకలా ఉందన్నాడు. రెండోది వణికింది. మూడోది కుదిరింది. ఒక్కోదానికీ మెస్‌లో కోడికూర రోజున తన వాటా అమ్ముకోవడం నా కళ్లారా చూశాను. ప్రతి కొలతా తేదీ వేసి నోటుబుక్కులో రాసుకున్నాడు. రెండు వైపులా చెక్కడానికి వాళ్ల నానమ్మ ఇంటి గోడ మీద ఉండే బొమ్మల్లాంటివి గీశాడు. వరసగా చేతులు పట్టుకున్న మనుషులు, చెట్టు, సూర్యుడు, చంద్రుడు.

వాడి వీడియోలు చూసి ఒక ఆన్‌లైన్ కంపెనీ వాళ్లు ఫోన్ చేశారు. ఆ తర్వాత కాగితం వచ్చింది. అందులో ఉన్నవి ఇవీ.

ఈ డిజైన్‌ని కంపెనీయే డబ్బిచ్చి గీయించుకుంది. దాని మీద సర్వహక్కులూ ప్రపంచమంతటా ఎప్పటికీ కంపెనీవే. వాడికి ఒకేసారి 25 వేలు. యోయో పేరు "సవర". ఆ పేరుని బొమ్మల మీదే కాదు, బట్టలు, బ్యాగులు, ఇంకా ఏ సరుకు మీదైనా తన ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయించుకోవడానికి కంపెనీకి వాడు ఒప్పుకుంటున్నాడు. గోడబొమ్మలు కూడా అందులో భాగమే. ఐదేళ్ల దాకా వాడు ఇంకో యోయో మీద తన పేరు పెట్టకూడదు.

మొదటి విడతలో 500 చేస్తారట, ఒక్కోటి 2,500 రూపాయలట. లెక్క మీరే వేసుకోండి. అయినా నాకు 25 వేలు తక్కువన్నదాని కంటే "సవర" అన్న మాట దగ్గరే ఎక్కువ కాలింది.

యోయో చరిత్ర వెతికితే ఇలాంటిదే ఒక కథ దొరికింది. చాలామందికి తెలియదు కాబట్టి చెబుతాను.

యోయో అన్న మాట ఇంగ్లీషుది కాదు. ఫిలిప్పీన్స్ వాళ్లది. ఆ దేశంలో ఇలోకోస్ నార్తే అనే చోట పుట్టిన పెడ్రో ఫ్లోరెస్ అనే కుర్రాడు 1915లో అమెరికా వెళ్లాడు. అక్కడ లా చదువుతూ మధ్యలో మానేశాడు, హోటల్లో సామాన్లు మోసే పని చేశాడు. 1928లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో యోయోలు చేసే కంపెనీ పెట్టాడు. మొదట చేతితో చేసినవి ఓ డజను. ఏడాది తిరిగేసరికి లక్షల్లోకి వెళ్లింది. ఆయన యోయోలో కిటుకు ఏమిటంటే దారాన్ని ఇరుసుకి ముడివేయలేదు, ఉచ్చులా చుట్టూ వేసి వదిలాడు. అందుకే అది కింద ఆగి తిరుగుతుంది. ఇప్పటి విన్యాసాల్లో చాలావరకు ఆ ఉచ్చు మీద నిలబడ్డవే. ఇది నేను కనిపెట్టానని కూడా ఆయన చెప్పుకోలేదు. మా దేశంలో ఎప్పటి నుంచో ఉన్న ఆటే అన్నాడు.

డోనాల్డ్ డంకన్ అనే వ్యాపారి ఆ ఆటలో ఉన్న డబ్బు పసిగట్టి ఫ్లోరెస్ దగ్గర వ్యాపారాన్ని కొనేశాడు. 1932లో యోయో అన్న మాట డంకన్ కంపెనీ ట్రేడ్‌మార్క్ అయింది. అక్కడి నుంచి మిగతా కంపెనీలు అదే వస్తువు చేసి అదే మాట వాడకూడదు. రిటర్న్ టాప్ అని, ఇంకోటని పేర్లు పెట్టుకోవాల్సి వచ్చింది. డంకన్‌ది కాకపోతే అసలు అది యోయోనే కాదన్నట్టు ప్రకటనలు నడిచాయి. ఒక జాతి పిల్లలు ఆడుకుంటూ పలికే మాట ఇంకో దేశంలో ఒక కంపెనీ సొత్తయింది. 1965లో కేసు అమెరికా అప్పీల్ కోర్టు దాకా వెళ్లింది. యోయో అనేది ఆ వస్తువుకి ఉన్న మామూలు పేరు, అది ఒకరి సొంతం కాదని కోర్టు తేల్చింది. ఆ ఏడాదే డంకన్ కంపెనీ దివాలా తీసింది. అంటే ఆ మాట అందరి మాట అని ఒప్పించడానికి 33 ఏళ్లు పట్టింది. అదీ కోర్టులో పోరాడింది పోటీ కంపెనీ. ఫిలిప్పీన్స్ పల్లె జనం కాదు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. ఫ్లోరెస్ మోసపోయిన అమాయకుడు కాదు. లా చదివినవాడు, మంచి ధరకే అమ్మాడంటారు. ఆయన్ని నేను తప్పుపట్టడం లేదు. తన కంపెనీ, తన కష్టం, తన పేరు, అమ్ముకున్నాడు. కానీ యోయో అన్న మాట ఆయనొక్కడి కష్టం కాదు కదా. ఆయన పుట్టకముందు నుంచీ ఆ మాట ఉంది. తనది అమ్ముతున్నప్పుడు తనది కానిది కూడా దాంతోపాటు వెళ్లిపోయింది. మావాడి కాగితంలోనూ జరగబోయేది ఇదే.

ఇప్పుడు 1/70 సంగతి. ఈ గ్రూపులో ఆ అంకె తెలియనివాళ్లు ఉండరు. 1959లో వచ్చిన భూ బదలాయింపు చట్టాన్ని 1970లో సవరిస్తే వచ్చింది. ఏజెన్సీలో భూమిని గిరిజనేతరుడికి అమ్మడానికి లేదు. గిరిజనుడు స్వయంగా ఒప్పుకున్నా సరే చెల్లదు. చిన్నప్పుడు నాకు ఇది అర్థమయ్యేది కాదు. మన భూమి మనం అమ్ముకుంటే గవర్నమెంటుకేం అని. మా తాత కథ విన్నాక అర్థమైంది. ఆయన షావుకారు దగ్గర ఉప్పుకీ బట్టకీ తీసుకున్న అప్పుకి ఒక కాగితం మీద వేలిముద్ర వేశాడు. ఎవరూ చెయ్యి పట్టుకుని వేయించలేదు. ఆయనే వేశాడు. అందులో ఏముందో తెలియదు, ఇంట్లో గింజలు లేవు. దాన్ని ఒప్పుకోవడం అంటామా? అలాంటి వేలిముద్రలు వేలల్లో పడ్డాయి కాబట్టే, నువ్వు ఒప్పుకున్నా చెల్లదు అని చట్టం చెప్పాల్సి వచ్చింది.

మనకి ఇప్పుడు సంతకం వచ్చు. ఇంగ్లీషు కూడా కూడబలుక్కుని చదువుతాం. అయినా ఫీజు కట్టాల్సిన రోజు, స్కాలర్‌షిప్ పడని రోజు, తొమ్మిది పేజీల కాగితం ముందు మా తాతకీ మాకూ ఎంత తేడా ఉందో ఆ రాత్రి నాకు తెలిసింది. పెద్ద తేడా లేదు. ఒక్కటే తేడా. భూమికి 1/70 ఉంది. పేరుకి లేదు. పాటకి లేదు, గోడబొమ్మకి లేదు. అక్కడ మన కాపలా మనమే కాయాలి.

ఒక అన్న గ్రూపులో అన్నాడు, "జాతి జాతి అంటున్నారు, వాడి మెస్ బిల్లు జాతి కట్టిందా?" అని. అన్నా, ఆ మాట నన్ను గుచ్చింది. నిజమే. వాడు కోడికూర అమ్ముకున్నప్పుడు మనమెవరం లేము. కాలేజీ వర్క్‌షాప్ సారు ఉన్నారు, ఆటోనగర్ లేత్ షాపాయన ఉన్నాడు. డబ్బు వచ్చే వేళకి మాత్రం జాతి పేరుతో అడ్డుపడితే అది దొంగ ప్రేమే. అందుకే సంతకం మానెయ్యమని నేను అనడం లేదు. కాగితాన్ని రెండుగా విడదీయమంటున్నాను. వాడి చేతిపని, వాడి పేరు, వాడి ఆట ఒక కాగితం. దానికి మంచి ధర అడగమను, నేను చప్పట్లు కొడతాను. ఒక్కో యోయోకి వంద రూపాయలు అడిగినా 500కి 50 వేలు, ఇంకా చేస్తే ఇంకా వస్తాయి. సవర అన్న పేరు, గోడబొమ్మలు ఇంకో సంగతి. దాని మీద వాడు సంతకం పెట్టే పని లేదు, పెట్టమని అడిగే హక్కు కంపెనీకీ లేదు.

ఇంకో ప్రశ్న. "నువ్వు జాతాపువి కదా, సవర పేరు గురించి నీకెందుకు?" న్యాయమైన ప్రశ్నే. సవర పేరు ఎక్కడ పెట్టాలో, గోడబొమ్మలు యోయో మీద చెక్కవచ్చో లేదో చెప్పడానికి నేనెవర్ని కాను. ఈ గ్రూపు కూడా కాదు. ఆ బొమ్మలు అలంకారానికి గీసేవి కావు, పెద్దల కోసం, చనిపోయినవాళ్ల కోసం గీస్తారు. వాటి సంగతి చెప్పాల్సింది వాడి ఊరి పెద్దలు, పూజ చేసేవాళ్లు. వాళ్లు సరేనంటే సరే, వద్దంటే వద్దు. నేను చెప్పేది అడగకుండా ఇవ్వొద్దనే. రేపు జాతాపు పేరుతో టీషర్టు, కోయ పేరుతో షాంపూ, గోండు పేరుతో బిస్కెట్ వస్తాయి. అప్పుడు ఎవరు ఎవర్ని అడుగుతారు?

కోపం పక్కన పెట్టి, ఈ వారం లైబ్రరీలో చట్టాల పుస్తకాలు తిరగేసి నాకు అర్థమైనవి రాస్తున్నాను. యోయోకే కాదు, మనలో ఎవరు ఏ వస్తువు చేసినా పనికొస్తాయి.

1. 2000 నాటి డిజైన్ల చట్టం ప్రకారం ఒక వస్తువు ఆకారాన్ని, మీది చెక్కడాన్ని రిజిస్టర్ చేసుకోవచ్చు. మామూలు వ్యక్తికి అప్లికేషన్ ఫీజు 1,000 రూపాయలు. రక్షణ 10 ఏళ్లు, ఇంకో 5 ఏళ్లు పొడిగించుకోవచ్చు. అయితే అప్లికేషన్ పెట్టకముందే డిజైన్ జనంలోకి వెళ్లిపోతే అది కొత్తది కాదని కొట్టేస్తారు. కర్ర యోయో ఫోటో మనమే ప్రేమగా అన్ని గ్రూపుల్లో తిప్పేశాం. అది పోయినట్టే లెక్క. అల్యూమినియం దాని ఆకారం వేరు. దాని ఫోటో ఎవరి దగ్గరున్నా దయచేసి ఎక్కడా పెట్టకండి.

2. అదే చట్టంలో ఒక మెలిక ఉంది. డబ్బు తీసుకుని ఇంకొకరి కోసం గీస్తే ఆ డిజైన్‌కి యజమాని గీసినవాడు కాదు, గీయించుకున్నవాడు. కాగితంలో "కంపెనీ గీయించుకుంది" అని రాసింది ఇందుకే. మావాడు గీసింది కంపెనీ ఫోన్ చేయకముందు. తేదీలున్న నోటుబుక్కే సాక్ష్యం. కాబట్టి మీరూ ఏది చేసినా తేదీ వేసి రాసుకోండి.

3. గీసిన బొమ్మ మీద కాపీరైట్‌ని రాసిచ్చేటప్పుడు ఎన్నేళ్లకో రాయకపోతే 1957 నాటి చట్టం దాన్ని 5 ఏళ్లకే అనుకుంటుంది. ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే. అందుకే కంపెనీలు "ఎప్పటికీ", "ప్రపంచమంతటా" అన్న మాటలు మర్చిపోకుండా రాస్తాయి. ఆ రెండు మాటలు కనిపిస్తే పెన్ను కింద పెట్టండి.

4. హక్కు రాసిచ్చేయడం వేరు, వాడుకోనివ్వడం వేరు. మొదటిది భూమి అమ్మినట్టు, రెండోది కౌలుకి ఇచ్చినట్టు. ఇన్నేళ్లు, ఈ వస్తువుకి, ఒక్కోదానికి ఇంత అని కౌలుకే ఇవ్వాలి.

5. ట్రేడ్‌మార్క్ ఎవరైనా అడిగితే అది ముందు ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో వస్తుంది. వచ్చాక 4 నెలల్లోపు ఎవరైనా అభ్యంతరం పెట్టవచ్చు. మన పేర్లు అందులో వస్తున్నాయో లేదో చూడటానికి లా చదివే ఇద్దరు ముగ్గురు ఉంటే చాలు. 1999 నాటి ఆ చట్టంలోనే సంఘం పేరు మీద ఉమ్మడి మార్క్ తీసుకునే దారి కూడా ఉంది. సవర యువత కావాలనుకుంటే ఆ పేరు ఎవరి చేతిలో ఉండాలో వాళ్లే నిర్ణయించుకోవచ్చు.

ఇందులో నాకు తప్పుగా అర్థమైనవి ఉండొచ్చు. లా చదివే అన్నలు, అక్కలు సరిదిద్దండి. కోపం రాదు.

మావాడు ఇంకా ఏమీ తేల్చుకోలేదు. కంపెనీకి ఈ నెలాఖరులోగా చెప్పాలి. ఆదివారం సీతంపేట బస్సెక్కి ఊరెళ్తున్నాడు, పెద్దల్ని అడగడానికి. మూడో యోయో కూడా పట్టుకెళ్తున్నాడు, వాళ్ల నానమ్మకి చూపించడానికి. గోడబొమ్మలు వద్దంటే ఏం చేస్తావు అని అడిగాను. "వద్దంటే ఖాళీగా వదిలేస్తాను, నా పేరొక్కటే చెక్కుతాను. తిరిగేటప్పుడు ఎలాగూ ఏ బొమ్మా కనబడదు" అన్నాడు.

వాడు తిరిగొచ్చేలోపు లా చదివినవాళ్లు ఎవరైనా ఒకరు ఆ తొమ్మిది పేజీలు చదవాలి. అంత వరకు కంగ్రాట్స్ ఆపండి. చదవగలిగినవాళ్లు నాకు విడిగా మెసేజ్ పెట్టండి.

జోహార్.